301 యూనిట్లు కాల్చే ఇల్లు ఏ పార్టీ లెక్కలోకి వస్తుంది?

కెమిస్ట్రీ మేడం (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఏ పార్టీకీ భజన చేయడానికి గానీ, తిట్టడానికి గానీ ఈ పోస్టు పెట్టడం లేదు. మా ఇంటి కరెంటు మీటరు దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడి నుంచే చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది బైరాగిపట్టెడలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. 1,040 చదరపు అడుగులు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. జీతం 24 వేలు, అదీ పది నెలలకే. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తెస్తే సగం ఇస్తారు. మా ఆయన మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తారు, 36 వేలు. ఇద్దరు పిల్లలు, మా మామగారు. ఆయనకు ఆయాసం. తిరుపతి ఎండల సంగతి తెలిసిందే కదా, ఏసీ లేకపోతే ఆ మనిషి రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటారు.

అందుకని మార్చి వచ్చిందంటే మా ఇంట్లో మూడొందల ఆట మొదలవుతుంది. మా పెద్దోడు స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి కిందికెళ్ళి మీటరు చూసొస్తాడు, ఆ అంకెను వంటింటి తలుపు పక్కన గోడ మీద పెన్సిలుతో రాస్తాడు. ఇరవయ్యో తేదీకి 220 దాటితే ఇస్త్రీ బంద్. 250 దాటితే గీజరు, మిక్సీ కూడా. అయినా పోయిన వేసవిలో మేం ఓడిపోయాం. ఒక నెల 312, ఇంకో నెల 340. సగటు 301 వచ్చింది.

ఈ 300 ఏమిటో తెలియని వాళ్ళ కోసం చెప్తాను. మన రాష్ట్రంలో బియ్యం కార్డుకైనా చాలా పథకాలకైనా ఆరంచెల పరిశీలన అని ఒకటుంది. పట్నంలో నెల ఆదాయం 12 వేలు దాటకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. ఇన్‌కం టాక్స్ కట్టకూడదు. పొలానికి ఒక హద్దు, పట్నంలో ఇంటికి 1,000 చదరపు అడుగుల హద్దు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు. మేం నలభై చదరపు అడుగులు, ఒక్క యూనిట్ ఎక్కువైన వాళ్ళం. నిజం చెప్పాలంటే మా ఆదాయం కూడా 12 వేలకు ఎక్కువే, కాదనను. కాకపోతే జీతం కొలిచే మీటరు ఇంకా కనిపెట్టలేదు కదా. మా ఎదురింటాయనకు సొంతూళ్ళో మూడు షాపు గదుల అద్దె వస్తుంది. ఇల్లు 900 అడుగులు, ఏసీ లేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఆయన భార్య ఖాతాలో ఇద్దరు పిల్లలకూ కలిపి 26 వేలు పడ్డాయి. కుళ్ళు అనుకుంటారేమో. కుళ్ళే, కొంచెం.

సరే, పేదలకు ఇవ్వాల్సిందే, అందులో మాకు గొడవ లేదు. మేం మధ్యతరగతి కదా, మాకు వేరే వైపు నుంచి వస్తుందేమో అని చూశాం. 2025 ఫిబ్రవరిలో బడ్జెట్ రోజు టీవీలన్నీ ఒకటే మోత, మధ్యతరగతికి పండగ, 12 లక్షల దాకా ఇన్‌కం టాక్స్ లేదు అని. మా ఆయన లెక్కల మనిషి కదా, పాత క్యాలెండరు వెనక లెక్క వేశారు. ఆయనకు ఏడాదికి 4.32 లక్షలు. నాకు రెండున్నర లక్షలు. 2023 నుంచే కొత్త పద్ధతిలో 7 లక్షల దాకా పన్ను లేదు. అంటే ఆ పండగ వల్ల మా ఇంటికి వచ్చింది సున్నా. క్యాలెండరు తిప్పి మళ్ళీ గోడకు తగిలించారు.

కార్డుకు ఎక్కువ, టాక్సుకు తక్కువ. టీవీలో మధ్యతరగతి అని ఎవర్ని అంటారో, వాళ్ళూ మేమూ ఒకటి కాదని ఆ రోజే తెలిసింది.

2024 ఎన్నికల ముందు ఒక పక్క టీడీపీ కూటమి సూపర్ సిక్స్, ఇంకో పక్క వైసీపీ నవరత్నాలు. రెండు మేనిఫెస్టోలూ కూర్చుని చదివాను, టీచరు బుద్ధి. ప్రైవేటు కాలేజీల్లో పది నెలల జీతానికి పనిచేసే వాళ్ళ గురించి ఒక్క లైను దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత బస్సు నాకూ అందింది. మీటరు అడగలేదు, ఇల్లెంత అని అడగలేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇచ్చారు. చంద్రగిరి వైపు రోజూ పల్లెవెలుగులో వెళ్తా, నెలకు పన్నెండొందలు మిగులుతున్నాయి. అందరికీ అని పెట్టిన ఒకే ఒక్కదాంట్లో మేమూ ఉన్నాం.

మా నాన్న లోక్‌సత్తా అభిమాని. మధ్యతరగతికి ఒక పార్టీ అంటూ ఉంటే అదేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. 2009లో పోలింగ్ నుంచి ఇంటికొచ్చాక ఎవరికి వేశావు నాన్నా అంటే, ఈల గుర్తు ఎలాగూ గెలవదు, ఓటు వేస్టు చేయడం ఎందుకమ్మా అన్నాడు. నేను చిరంజీవికి వేశాను. గెలిచారు కూడా. 2011లో ఆయన ప్రజారాజ్యం పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 2012లో ఆయన రాజ్యసభకు వెళ్ళారు, మేం మళ్ళీ ఉప ఎన్నిక క్యూలో నిలబడ్డాం. 2009లో ఉమ్మడి రాష్ట్రం మొత్తానికీ లోక్‌సత్తాకు వచ్చింది ఒకే సీటు, కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్‌ది.

నా ప్రశ్న ఇది. ఏ పార్టీ అయినా మాలాంటి వాళ్ళ తరఫున నిజంగా ఉందా? లేక తప్పు మా దగ్గరే ఉందా? మీ అనుభవాలు చెప్పండి. నోటాకు వెయ్యండి అనే సలహా మాత్రం వద్దు, అది మా ఆయన రోజూ ఇస్తారు.

పాత బూత్ ఏజెంటు

మేడం, పదిహేనేళ్ళు తిరుపతిలో బూత్ పని చేసినవాడిని. ఏ పార్టీకి అని అడగద్దు, రెండిటికీ చేశా. మీరడిగిన దానికి నా దగ్గర ఉన్న జవాబు ఓటర్ల జాబితానే.

లిస్టు చేతికి రాగానే మేం చేసే మొదటి పని ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడం. కులం ఏంది. ఇంట్లో ఏ పథకం వస్తా ఉంది. మనోళ్ళా, అవతలోళ్ళా, ఊగేవాళ్ళా. ఊర్లో ఉన్నారా, బెంగుళూరులోనా. ఈ నాలుగూ తెలిస్తే ఆ ఇంటికి ఎవర్ని పంపాల, ఏం మాట్లాడించాల అనేది తెలిసిపోతుంది. కొర్లగుంటలో ఒక వీధి లిస్టు నేను గంటలో పూర్తి చేస్తా. అదే ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్టుమెంట్ల పేజీ వస్తే పెన్సిలు ఆగిపోతుంది. మేం రాసుకునేది రెండే అక్షరాలు. "తా" అంటే తాళం వేసుంది. "త" అంటే తలుపు తీయలేదు. మధ్యతరగతి అని రాయడానికి ఆ కాగితంలో గడే లేదు మేడం. పెట్టమని పైనుంచి ఎవరూ చెప్పలేదు, కింద నుంచి ఎవరూ అడగలేదు.

అపార్టుమెంటు ఓట్లు కావాలంటే ఏం చేస్తాం? అసోసియేషన్ ప్రెసిడెంటును కలుస్తాం. ఆయన సీసీ కెమెరాలు అడుగుతాడు, లేకపోతే బోరు మోటారు. క్యాండిడేట్ సరే అంటాడు. అయిపాయె. ఒక్కోసారి నాకే నవ్వొస్తుంది, అరవై ఇళ్ళు, నూటనలభై ఓట్లు, నాలుగు కెమెరాలు.

ఇంకో మాట చెప్తా, బాధపడద్దు. మీ జీతం పది నెలలకే ఇస్తారని ఇక్కడ రాశారే, ఆ మాట ఈ పదిహేనేళ్ళలో ఒక్క గుమ్మం ముందు కూడా నా చెవిన పడలేదు. తలుపు తీసిన నలుగురూ చెప్పేది మూడే: కొళాయి నీళ్ళు, కుక్కలు, పార్కింగు. నేను పుస్తకంలో అవే రాసుకున్నా. పైకి అవే పోయినాయి.

చిన్న ఉదాహరణ. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయ్యింది. మొదటి ఎన్నిక ఎప్పుడు జరిగింది? 2021లో. పద్నాలుగేళ్ళు కార్పొరేటర్ అనేవాడే లేకుండా ఆఫీసర్ల పాలన నడిచింది. ఇంత చదువుకున్నోళ్ళ ఊరు, యూనివర్సిటీలు మీద యూనివర్సిటీలు. మా డివిజన్‌కు మనిషి కావాల అని రోడ్డు మీదికి వచ్చిన అపార్టుమెంటు ఒక్కటి నాకు కనపడలా. ఎన్నిక వచ్చినాక కూడా చాలా డివిజన్లలో పోటీయే లేకుండా ఏకగ్రీవం అయిపోయినాయి.

మీరే నిలబడొచ్చు కదా అని కూడా అనను. అసెంబ్లీకి డిపాజిట్ పదివేలే. ఖర్చు పరిమితి 40 లక్షలు, అది కాగితం మీద. మీ ఫ్లాట్ అమ్మితే దాదాపు ఆ కాగితం మీది లెక్కకే సరిపోతుంది.

కెమిస్ట్రీ మేడం

అన్నా, మీరు రాసిన "త" గుర్తుల్లో ఒకటి మా ఇంటిదే అయ్యుంటుంది. మధ్యాహ్నం రెండింటికి పదిమంది కండువాలతో వస్తే మామగారు ఒక్కరే ఉంటారు, తీయరు.

జీతం సంగతి గుమ్మంలో ఎందుకు చెప్పరంటే ఒకటే కారణం. మీ వెనక నిలబడిన పదిమందిలో మా కాలేజీ యాజమాన్యం తాలూకు వాళ్ళు ఎవరున్నారో మాకేం తెలుసు? పండగ ఫ్లెక్సీల్లో మా యజమాని ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడి పక్కనే ఉంటారు. ప్రభుత్వం మారితే నాయకుడి ఫొటో మారుతుంది, పక్కన ఈయన ఫొటో అదే, ఆ బ్లేజర్‌తో సహా. కుక్కల గురించి చెప్తే ఉద్యోగం పోదు కదా.

నాలుగెకరాల తోతాపురి

అక్కా, నాది బంగారుపాళ్యం పక్క. మీ మాటలు చదివితే ఒకటి అనిపించింది. మీరు తలుపేసుకుని గోడ మీద పెన్సిలుతో రాసుకుంటారు. మేం కాయలు రోడ్డు మీద పోస్తాం.

2025 సీజను గుర్తుందా? తోతాపురి మామిడి అడిగేవాడు లేడు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రెండు మూడు రోజులు వరసలో నిలబడ్డాయి, కాయ ట్రాక్టరులోనే పండి కారిపోయింది. కాయలు కొనే ర్యాంపులో చెప్పిన రేటుకు కోత కూలి కూడా రాదు. అప్పుడు కిలోకు 12 రూపాయలు అని లెక్క చేశారు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ 8 అందరికీ సరిగ్గా చేతికొచ్చిందా అంటే అది వేరే కథ, రాత్రంతా చెప్పినా అయిపోదు. కానీ నాలుగు రూపాయలు అనే మాట పుట్టింది ఎట్లా? కాయ రోడ్డు మీద పడింది కాబట్టి. జులై 9న జగన్ గారు మా మార్కెట్‌కు వచ్చారు, దానికి ఇవతల పార్టీ వాళ్ళు జవాబులు, వాళ్ళకు వీళ్ళు మళ్ళీ జవాబులు. పది రోజులు టీవీల్లో మామిడికాయ తప్ప ఇంకేం లేదు. మాకోసం అని నేననను. ఎవరి లెక్క వాళ్ళది. అయినా మా పేరు అయితే పలికారు.

మీ పది నెలల జీతం ఏ రోడ్డు మీద పోస్తారు?

ఇంకోటి. మేం రైతులమా, మధ్యతరగతా? నాకే తెలీదు. నాలుగెకరాలు మెట్ట, కాబట్టి పొలం లెక్కలో పేదోడినే. ట్రాక్టరు ఉన్నా కార్డుకు అడ్డం రాదు, దాన్ని మినహాయించారు. కానీ నాయనను వేలూరు ఆస్పత్రికి తిప్పడానికని పాత మారుతి కారు ఒకటి కొంటే కార్డు పోయింది. ట్రాక్టరులో పడుకోబెట్టి తీసుకుపోయుంటే సరిపోయేది.

సిల్క్ బోర్డు సిగ్నల్

తిరుపతి అబ్బాయినే, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. మేడం, ఆ 12 లక్షల పండగ మా ఇంటికి వచ్చింది, అబద్ధం ఎందుకు. నాకు ఏడాదికి 70 వేల చిల్లర మిగిలింది.

కానీ మీ పోస్టులో ఒక ముక్క వదిలేశారనిపించింది. నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది మా నాన్న కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్. వైఎస్ హయాంలో మొదలైంది కదా, దాంట్లోనే నాలుగేళ్ళూ గడిచాయి. అప్పుడు మాకు తెల్లకార్డు ఉండేది. అంటే నన్ను మధ్యతరగతి చేసింది ఒక పార్టీ పెట్టిన పథకమే. చేసింది, గడప దాటించింది, తలుపు వేసేసింది. ఇప్పుడు నేను బయట నిలబడి లోపలి వాళ్ళకు ఉచితాలు ఎందుకు అని ఆఫీసులో టీ తాగుతూ వాదిస్తుంటా. మా నాన్న వింటే చెప్పుతో కొడతాడు.

2024 మే 13న ఓటేయడానికి వచ్చా, ప్రైవేటు బస్సుకు మూడింతల రేటు పెట్టి. బూత్ అన్న రాసుకున్న "బెంగుళూరులోనా" గడిలో నేనే ఉంటా.

కెమిస్ట్రీ మేడం

తమ్ముడూ, నువ్వన్నది నిజమే. నాకూ అలాంటిదే ఉంది. పద్మావతి మహిళా యూనివర్సిటీ ఎన్టీఆర్ 1983లో పెట్టింది. మా అమ్మ ఏడో తరగతి. ఆడపిల్లను బయటి ఊరికి పంపను అని మా నాయనమ్మ పట్టుబడితే, ఊర్లోనే ఆడవాళ్ళ యూనివర్సిటీ ఉంది కాబట్టి నా ఎమ్మెస్సీ అయ్యింది. అది పోస్టులో రాయకపోవడం నా తప్పే.

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. చెప్పు సంగతి కూడా.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

అమ్మా, నేను చిత్తూరు జిల్లాలో 33 ఏళ్ళు హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. అందరూ రాసింది చదివాను. మధ్యతరగతికి ప్రాతినిధ్యం లేదంటే నేనొప్పుకోను. ఉంది. అయితే సంఘం ఉన్న మధ్యతరగతికి ఉంది.

మాకు యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్టీయూ అని ఇన్ని సంఘాలు. అందులో మేం మేం కొట్టుకుంటాం, అది వేరు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన వాళ్ళకు పాత పెన్షన్ పోయి సీపీఎస్, అంటే జీతంలో కొంత కోసి దాచే పెన్షన్ పద్ధతి, వచ్చింది. దాన్ని మేం ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. 2019 ఎన్నికల ముందు జగన్ గారి చేత, అధికారంలోకి వచ్చిన వారంలో రద్దు అని హామీ ఇప్పించుకున్నాం. రద్దు కాలేదు, 2023లో జీపీఎస్ అని ఇంకో పెన్షన్ పద్ధతి వచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు ఎంత జనం వచ్చారో చూశారుగా. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న వాళ్ళకు కొత్త వేతన సవరణలో ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, 23 శాతమే అంటే ఎవరు ఊరుకుంటారు? గెలిచామా ఓడామా అనేది పక్కన పెట్టండి. ఏ పార్టీ అయినా సీపీఎస్ మీద ఏదో ఒకటి చెప్పకుండా మా ఓటు అడగలేదు. టీటీడీ ఉద్యోగులు చూడండి, ఇళ్ల స్థలాల కోసం ఎన్నేళ్ళు పట్టుబట్టారో. 2023లో వడమాలపేట దగ్గర పట్టాలు పుచ్చుకున్నారు.

ఇంకో ఉదాహరణ మీ ఇంటిదే. ఆరోగ్య బీమా కడుతున్నారా? ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి సున్నా అయ్యింది. అది ఎట్లా మొదలైందో చాలామందికి తెలియదు. 2024 జులైలో కేంద్ర మంత్రి గడ్కరీ గారు ఆర్థిక మంత్రికి ఉత్తరం రాశారు, ఈ పన్ను తీసేయమని. ఆయనకు ఎందుకు తోచింది? నాగ్‌పూర్‌లో ఎల్‌ఐసీ ఉద్యోగుల సంఘం వాళ్ళు వినతిపత్రం ఇచ్చారు కాబట్టి. ఒక ఊరి సంఘం, ఒక కాగితం. అదొక్కటే కారణమని నేననను, పార్లమెంటులో ప్రతిపక్షం కూడా అరిచింది. ఎవరో ఒకరు సంతకాలు పెట్టి, వెళ్ళి ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకుని వచ్చారు. మా సంఘాల్లో ఆ స్టాంపు నకలే మాకు దేవుడి పటం.

ఇక మీకు నేరుగా సంబంధించింది. శాసనమండలి అని ఒకటుంది, గుర్తుందా? ఎన్టీఆర్ 1985లో తీసేశారు, 2007లో మళ్ళీ వచ్చింది, 2020లో తీసేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021లో ఆ తీర్మానం వెనక్కి తీసుకుంది. ఆ 58 మందిలో అయిదుగురు పట్టభద్రుల ఓటుతో, అయిదుగురు టీచర్ల ఓటుతో వస్తారు. మనది తూర్పు రాయలసీమ, పాత ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు. పట్టభద్రుల స్థానం నుంచి యండపల్లి శ్రీనివాసులు రెడ్డి గారు, టీచర్ల స్థానం నుంచి విఠపు బాలసుబ్రహ్మణ్యం గారు పెద్ద పార్టీల టికెట్ లేకుండానే గెలిచి ఏళ్ళ తరబడి మాట్లాడారు. 2023 మార్చిలో రాష్ట్రంలో ఎన్నిక జరిగిన మూడు పట్టభద్రుల స్థానాలూ అప్పటి అధికార పార్టీ వైసీపీ పోగొట్టుకుంది. టీచర్ల స్థానాలు రెండూ అదే పార్టీకి వచ్చాయి, అది మా వాళ్ళ సిగ్గు, ఇక్కడ వద్దు.

చాలామందికి తెలియని మెలిక ఒకటి చెప్తాను. మామూలు ఓటరు కార్డు ఉంటే దీనికి చాలదు. ప్రతిసారీ జాబితా మొదటి నుంచి కొత్తగా రాస్తారు, పోయినసారి ఉన్నా సరే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. పట్టభద్రులకు ఫారం 18, డిగ్రీ అయ్యి మూడేళ్ళు నిండాలి. టీచర్లకు ఫారం 19. హైస్కూలు, అంతకు పై స్థాయిలో గడిచిన ఆరేళ్ళలో మూడేళ్ళు చెప్పి ఉంటే ప్రైవేటు వాళ్ళు కూడా అర్హులే. అంటే అమ్మా, మీకు రెండు ఓట్లూ ఉన్నాయి. మన అపార్టుమెంట్లలో ఎన్ని డిగ్రీలు గోడకు వేలాడుతున్నాయి, ఎన్ని ఫారాలు నింపారు?

సిల్క్ బోర్డు సిగ్నల్

మాస్టారూ, ఇలాంటిది ఒకటుందని నాకు నిజంగా ఇప్పుడే తెలిసింది. బీటెక్ చేసి పదేళ్ళు దాటింది.

పాత బూత్ ఏజెంటు

ఫారం 18లు పార్టీల వాళ్ళే కట్టలు కట్టలు నింపి ఇస్తారు సార్, మీకు తెలుసు కదా. 2023కి నేనే రెండొందల దాకా నింపినా. జనం జెరాక్సు ఇచ్చి పోతారు, అంతే. ఆ జాబితాలో కూడా మా పెన్సిలు గుర్తులే.

అయినా మేడం టీచర్ల లిస్టులోకి వస్తే బాగుంటుంది. ఆ లిస్టు చిన్నది. అందులో రెండొందల మంది ప్రైవేటు లెక్చరర్లు ఒక మాట మీద ఉంటే, పెన్సిలు పట్టుకున్నోడు కచ్చితంగా ఇంకో గడి గీస్తాడు.

కెమిస్ట్రీ మేడం

నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, యూనిట్ టెస్టుల పేపర్లు దిద్దుతున్నా.

మాస్టారు చెప్పాక స్టాఫ్ రూములో లెక్క చూశాం. మా బ్రాంచిలో పద్నాలుగు మంది లెక్చరర్లం. పద్నాలుగు మందికీ డిగ్రీ ఉంది, పదకొండు మందికి పీజీ. 2023లో పట్టభద్రుల ఓటు వేసింది ముగ్గురు. ఆ ముగ్గురిదీ ఫారం నింపింది మన బూత్ అన్న లాంటి వాళ్ళే. టీచర్ల ఓటు ఒక్కరికీ లేదు. మాకు ఆ అర్హత ఉందనే ఎవరికీ తెలియదు. ఫిజిక్స్ సార్ అయితే అది గవర్నమెంటు టీచర్లకు అని గంట వాదించాడు.

సోమవారం ధైర్యం చేసి ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళాను. ఫారం 19కి సంస్థ పెద్ద నుంచి సర్టిఫికెట్ కావాలి కదా, మూడేళ్ళుగా ఇక్కడ చెప్తున్నారని. ఆయన మంచి మనిషే, కూర్చోమన్నారు, టీ తెప్పించారు. ఎలక్షన్ 2029లో కదమ్మా, ఇప్పుడెందుకు అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. కాలేజీ రికార్డుల్లో ఫుల్ టైము లెక్చరర్లుగా ఉన్న పేర్లు వేరేనట. మేం పద్నాలుగు మందిలో అయిదుగురి పేర్లే అందులో ఉన్నాయి. నాది లేదు. ఏడేళ్ళుగా చెప్తున్నాను. మా సబ్జెక్టుకు రికార్డులో ఉన్న పేరు ఎవరిదో నేనెప్పుడూ వినలేదు. పీఎఫ్ ఎందుకు లేదో, ఏప్రిల్ జీతం ఎందుకు రాదో ఒక్క దెబ్బకు అర్థమైంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే ఒక్క నిమిషం ఆగి, అయితే నీకు జీతం వస్తున్నట్టు కూడా ఎక్కడా లేదు, మరి 12 వేల లెక్కలో మనం... అని మొదలుపెట్టారు. లెక్కల మనుషులతో ఇదే ఇబ్బంది.

సరే, ఫారం 19 అవదు. ఫారం 18 అన్నా నేనే నింపి నేనే ఇస్తాను, జాబితా తెరిచిన రోజునే. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది సరే అన్నారు. మేం ఒక కాగితం కూడా రాస్తున్నాం, పన్నెండు నెలల జీతం, రికార్డులో పేరు, రెండే అడుగుతూ. ఎవరికి ఇవ్వాలో తేలలేదు. పేర్లు కింద రాయాలా వద్దా అనే దగ్గర రెండు రోజులుగా ఆగింది.

ఒక సందేహం మాస్టారూ. ఫారం 18కి డిగ్రీ ఒరిజినల్ చూపించాలా? మా ఒరిజినల్స్ అన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి, చేరేటప్పుడే తీసుకున్నారు. అడిగితే మానేస్తున్నావా అంటారు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

జెరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే నడుస్తుందమ్మా, ఆయనకు మాత్రం ఒకసారి ఒరిజినల్ చూపించాలి. యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు గానీ పోయిందని చెప్పాలి, పోలేదు కదా, అలా చేయద్దు. ఒక పని చేయండి. బ్యాంకు లోనుకు ఒరిజినల్ ఒక్క రోజు కావాలని అడగండి. మా వాళ్ళు ముగ్గురు అలాగే తెచ్చుకున్నారు. తెచ్చిన రోజే నాకు ఫోను చేస్తే మన ఊర్లో హైస్కూలు హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు, నా దగ్గర చదువుకున్నవాడే. తొమ్మిది మందివీ ఒకేసారి పట్టుకురండి, సాయంత్రం అయిదు లోపల.